వెండిని మరచిన బంగారు దీవి

మన భాషలో బంగారమను మాటకు చెడ్డ అర్థము లేదు. బిడ్డను ముద్దాడునపుడు తల్లి ‘నా బంగారు కొండ’ అనును. మంచి మనసు బంగారు మనసు. పాడిపంటలు గల నేల బంగారు భూమి. శివుని నివాసము వెండికొండ. ఇన్ని కొండలను మాటలలో నిలుపుకొన్న మనము, నిజముగా బంగారము పుట్టిన కొండ ఎట్లుండునో, దానిని తొలిచినవారు ఎట్లు బ్రదికిరో తలపోసినది తక్కువ. ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథునికి కనకాభిషేకము జరిగెనని తరగతిలో చెప్పునపుడు గురువుకును శిష్యులకును ఒకేసారి ఒడలు పులకించును. ఆ టంకములలోని పసిడి ఏ గనిలో పుట్టినది, ఎవని చేతులు కాయలు కాచినపుడు బయటికి వచ్చినది అని ఏ చాటువును అడుగలేదు. చాటువులను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. కవికి కావలసినది కాంతి. కాని గనినే దర్శనీయ స్థలముగా మార్చి, ద్వారము తెరచి, టిక్కెట్టు పెట్టి, ఇది మానవజాతి వారసత్వమని పలక నిలిపినపుడు ఆ ప్రశ్నను అడుగకుండుట కుదరదు.

2024 జూలైలో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ సంఘము తన 46వ సమావేశమును మన ఢిల్లీలో జరిపినది. అస్సాము నేలిన అహోము రాజుల సమాధి దిబ్బలు, మొయిదాములనునవి, ఆ సభలో జాబితాకెక్కినపుడు మనవారు సంతోషించిరి. సంతోషింపదగినదే. ఆ మరునాడు, అనగా జూలై 27న, అదే సభలో జపానుకు చెందిన ‘సాదో ద్వీపపు బంగారు గనులు’ కూడ జాబితాలో చేరినవి. ఈ రెండవ వార్తను మనలో పట్టించుకొన్నవారు కొద్దిమంది. దాని వెనుక రెండు దేశముల నడుమ ఏండ్ల తరబడి నడచిన వాదము కలదు. అది ముగిసినట్లు కనబడి ముగియలేదు. ఆ వాదము తీరు చూడగా, అది జపాను కొరియాలది మాత్రమే కాదనియు, గనులు గల ప్రతి దేశమునకు, అందును మనకు, దానితో పని కలదనియు నాకు తోచినది.

సాదో జపాను పడమటి సముద్రములో, నీగాత మండలమునకు చెందిన ద్వీపము. వైశాల్యము సుమారు 855 చదరపు కిలోమీటర్లు. పూర్వకాలమున అది రాజధానివారికి కంటగింపైనవారిని పంపు చోటు. 1221లో జుంతొకు అను మాజీ చక్రవర్తి అక్కడికి ప్రవాసము పోయెను. 1271లో బౌద్ధాచార్యుడు నిచిరెన్ పోయెను. 1434లో నో నాటకమునకు శాస్త్రమును, సౌందర్యమును కల్పించిన మహానటుడు జెఆమి, డెబ్బది ఏండ్లు దాటిన వయసులో, పోయెను. ఆయన అక్కడ వ్రాసిన చిన్న పుస్తకమునకు పేరు ‘కింతోషో’. బంగారు దీవి గ్రంథమని దాని అర్థము. అప్పటికి సాదో కొండలలోని పెద్ద నిధి బయటపడనే లేదు. నిషిమికావ అను చోట వాగుల ఇసుకను కడిగి పసిడి రేణువులు ఏరుట మాత్రము జరుగుచుండెను. ఐనను ఆ దండన పడిన ముదుసలి ఆ దీవిని బంగారు దీవి యనెను. లోహమును చూచి యనెనో, సముద్రముపై సాయంకాలపు వెలుగును చూచి యనెనో నేను తేల్చజాలను. పేరు మాత్రము నిలిచిపోయెను.

1542లో త్సురుషి యనుచోట వెండి గని బయటపడెను. 1601లో అయికావ కొండలలో బంగారు వెండి చారలు కనబడెను. అంతకు ముందటి యేడే సెకిగహార యుద్ధమును గెలిచిన తొకుగావా ఇయెయసు దానిని మరొకరి చేతికి పోనీయక స్వయముగా తన పాలనలోనికి తెచ్చుకొనెను. 1603లో ఓకుబో నాగయసు అను అధికారిని అక్కడికి నియమించెను. ఈ నాగయసు నో నటుల కుటుంబమువాడు. తనతో నటులను కూడ వెంటబెట్టుకొని పోయెనని చెప్పుదురు. నేటికిని ఆ ద్వీపములో ముప్పదికి పైగా నో రంగస్థలములు కలవు. గని తెచ్చిన సిరి వలన ఒక మారుమూల పల్లె వేలాది జనముతో పట్టణమయ్యెను. ఆ జనమునకు తిండి కావలసివచ్చి కొండచరియలు మెట్లు మెట్లుగా వరి మళ్లయ్యెను. ద్వీపములోనే కోబన్ అను బంగారు నాణెములు పోసిరి. పదునేడవ శతాబ్ది పూర్వార్ధమున మంచి సంవత్సరములలో సుమారు 400 కిలోల బంగారమును, 40 టన్నుల వరకు వెండియు అక్కడినుండి వచ్చెనని లెక్క.

ఈ పని యంత్రములు లేని కాలమున జరిగినది. సుత్తి, ఉలి, మనుష్యుని భుజము, ఇవే సాధనములు. లోహపు చార ఎటు పోయిన మనిషి అటు పోవలెను. దోయూ నో వరితో అనుచోట కొండ శిఖరమే నడుమకు చీలి యున్నది. చారను పైనుండి తవ్వుకొనుచు పోగా పోగా ఏర్పడిన ఆ చీలిక వెడల్పు సుమారు 30 మీటర్లు, లోతు 74 మీటర్లు. దేవుడు గొడ్డలితో నరికినట్లుండు ఆ కొండయే నేడు సాదోకు గురుతు. తవ్విన రాతిని దంచి, తిరుగళ్లలో విసరి, పలకలపై నీటితో కడిగి, సీసముతో కరగించి బంగారు వెండిని వేరుచేసెడివారు. అటుపిమ్మట ఆ రెంటి మిశ్రమమును ఉప్పుతో కలిపి కాల్చగా వెండి విడిపోయి బంగారము మిగిలెడిది. మన కంసాలులు పుటము పెట్టుట అనునది ఇట్టి పనియే. ‘పుటము పెట్టిన పసిడి’ అను ఉపమను కావ్యములలో చదివినవారికి ఇది కొత్తగా నుండదు. ఈ పనులన్నిటిని వరుసగా చిత్రించిన చుట్టల పటములు వందకు పైగా నేటికి నిలిచియున్నవి. చేతిపనితో సాగిన గని యొకటి ఇంత వివరముగా తన పనిని తాను చిత్రించుకొనుట అరుదు. ప్రపంచ వారసత్వమునకు సాదో అర్హమా యని నన్నడిగినచో, ఈ ఒక్క కారణము చాలును, నిస్సంశయముగా అర్హమే యందును.

షోగనుల పాలన పోయిన పిమ్మట 1869లో గని మీజీ ప్రభుత్వపు చేతికి వచ్చెను. పాశ్చాత్య యంత్రములు దిగెను. 1896లో మిత్సుబిషివారు దానిని కొనిరి. 1989లో పని నిలిచెను. 1601 మొదలు అప్పటివరకు, అనగా 388 ఏండ్లలో, వచ్చినది మొత్తము 78 టన్నుల బంగారము, 2,330 టన్నుల వెండి. భూగర్భములో తవ్విన సొరంగముల పొడవు కలిపి సుమారు 400 కిలోమీటర్లు. విజయవాడ నుండి చెన్నపట్టణమునకు రైలుబాట ఎంతయో ఇంచుమించు అంత.

ఈ లెక్కలో వెండి వైపు చదువరులు మరొకసారి చూడగోరుదును. తూకమున బంగారమునకు ముప్పది రెట్లు వెండి. ఆ కొండలను తొలిచినవాడు తన జీవితములో మోసినది ఎక్కువపాలు వెండియే. ఐనను జాబితాకెక్కిన పేరు బంగారు గనులు. విలువ బంగారమునకు ఎక్కువ గనుక పేరును దానికే ఇచ్చిరని సమాధానము చెప్పవచ్చును, లోకరీతియు అదియే. కాని పేరు పెట్టుటలో మొదటి మరపు ఇక్కడనే జరిగినది. రెండవ మరపునకు ఇది నాంది.

అది కాలమును గూర్చినది. జపాను ప్రభుత్వము 2022లో ఈ గనులను ప్రతిపాదించునపుడు, చేతిపనితో సాగిన ఎదో కాలపు గనిగానే, అనగా పందొమ్మిదవ శతాబ్ది నడుమ వరకు మాత్రమే, దాని విశిష్టతను చెప్పినది. కారణము శాస్త్రీయమైనదే, ఆ కాలపు పనితనము నిజముగా అపూర్వము. కాని ఆ గీత గీయగనే ఇరువదవ శతాబ్ది గీతకు ఆవల పడిపోయినది. ఆ శతాబ్దిలో ఏమి జరిగినది? 1910 మొదలు 1945 వరకు కొరియా జపాను ఏలుబడిలో నుండెను. యుద్ధకాలమున జపాను యువకులు సేనలోనికి పోగా, గనులకు కొరియా నుండి కూలీలను తెచ్చిరి. సాదోకు తెచ్చినవారు సుమారు 1,500 మంది. మొదట ‘చేర్చుకొనుట’ అనియు, పిమ్మట ‘అధికారుల ద్వారా పంపుట’ అనియు, తుదకు ‘నిర్బంధ సేవ’ అనియు ఆ తెచ్చుటకు పేర్లు మారినవి. అవి యన్నియు బలవంతమే యని కొరియావారందురు. చట్టప్రకారము జరిగినదని జపాను ప్రభుత్వమనును. రాతిని తొలుచుట, లోపల కొయ్య ఆధారములు నిలుపుట, రాతిని మోయుట వంటి అపాయకరమైన పనులలో కొరియావారి పాలు జపానువారి పాలుకంటె ఎక్కువ యని జపానువారు పెట్టిన పలకలే చెప్పుచున్నవి. పారిపోయి పట్టుబడి చెరసాలకు పోయినవారుండిరనియు అవే చెప్పుచున్నవి.

ఆ మనుష్యుల పేర్లు కొన్ని మనకెట్లు తెలిసినవో వినుడు. వారికి పొగాకు పంపిణీ చేసిన పట్టికలు కొన్ని మిగిలినవి. ఏ బసలోని ఎవనికి ఎంత పొగాకు ముట్టెనో వ్రాసుకొన్న కాగితములవి. గనియొక్క ఘనతను వ్రాసిన గ్రంథములలో లేని పేర్లు పొగాకు లెక్కలో దొరికినవి. శాసనములను చదువువారికి ఇది తెలిసిన సంగతియే. రాజు బిరుదావళి నడుమ మనిషి కనబడడు. దేవాలయమునకు నూనె పోసిన తెలికవాని పేరు, గొఱ్ఱెలను అప్పగించుకొన్న బోయని పేరు, దానపు లెక్కలలో దొరకును.

యునెస్కోకు సలహా నిచ్చు ఇకోమాస్ అను నిపుణుల సంస్థ 2024 జూన్‌లో రెండు మాటలు చెప్పినది. మీజీ తరువాతి కట్టడములు ఎక్కువగా నున్న కితాజవా భాగమును వారసత్వపు హద్దు నుండి తీసివేయుడని ఒకటి. గని పనిచేసిన కాలమంతటి చరిత్రను అక్కడ సంపూర్ణముగా చెప్పుడని రెండవది. మొదటిదానిని జపాను పాటించినది. రెండవదానికి, కొరియాతో మాటలాడుకొని, అయికావలోని ప్రదర్శనశాలలో ఒక గదిని సిద్ధపరచినది. ఏటేట ఒక స్మారక సభ జరుపుదుమని మాట ఇచ్చినది. అంతట కొరియా అంగీకరించినది, ఢిల్లీలో ఏకాభిప్రాయము కుదిరినది. మరునాడే, జూలై 28న, ఆ గది తెరచిరి. తీరా చూడగా బలవంతమను మాట ఆ పలకలపై లేదని కొరియాలో ఆగ్రహము పుట్టెను. ఆ నవంబరు 24న జరిగిన మొదటి స్మారక సభకు కొరియా ప్రతినిధులు రాలేదు. మరునాడు తమవారు ఒకప్పుడు బసచేసిన చోట వేరుగా నివాళి జరుపుకొనిరి. 2025లో జరిగిన సభకును వారు రాలేదు. చనిపోయినవారికి ఒకే కొండపై రెండు తద్దినములు జరుగుచున్నవన్నమాట.

కితాజవా అనునది పెద్ద ఖనిజపు కర్మాగారపు శిథిలము. నెలకు 50,000 టన్నుల రాతిని శుద్ధిచేయగలిగినంతటిది. కొండవాలున మెట్లుమెట్లుగా కట్టిన ఆ సిమెంటు గోడలపై నేడు తీగలు పాకి పచ్చగా నున్నవి. రాత్రి దీపములు వెలిగింతురు. ఫొటోలు తీసుకొనువారికి అది పండుగ. హద్దులో నుండి తీసివేసినను యాత్రికుల కన్నులకు ముందు పడునది అదియే. వారసత్వము కానిది వారసత్వపు ముఖచిత్రమైనది! దీనిలో హాస్యము కొంత ఉన్నది.

ఇక గీతకు ఈవలనున్న ఎదో కాలము మాత్రము నిర్మలమైనదా? గని పనిలో నేర్పరులుండిరి. వారికి కూలి ముట్టినది, గౌరవము ముట్టినది. రాతి హృదయము మెత్తబడవలెనని కొండదేవతను వేడుకొనుచు వారు జరుపు ‘యావరగి’ అను వేడుక నేటికిని అక్కడ మిగిలినది. యావరగి యనగా మెత్తబడుట. కొండ మెత్తబడవలెనని ఆడిపాడిన ఆ భావనకు కవియగువాడు చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని ఆ కొండలోనే నీరుండెను. లోతు పెరిగిన కొలది నీరు ఊరును. తవ్విన నీటిని రాత్రింబవళ్లు పైకి తోడకున్నచో గని మునిగిపోవును. 1691 మొదలు 1696 వరకు ఐదేండ్లు శ్రమపడి, పలుచోట్లనుండి ఒకేసారి తొలుచుకొనుచు వచ్చి, సుమారు 900 మీటర్ల మినమిజావా నీటి సొరంగమును కలిపిరి. అది నేటికిని గని నీటిని సముద్రమువైపు పంపుచునేయున్నది. అంతటి కొలత విద్య వారిది. ఐనను దానికంటె క్రిందనున్న నీటిని మనుష్యులే తోడవలసి వచ్చెను. దానికి మనుష్యులు దొరకకపోయిరి.

అప్పుడు ప్రభుత్వము చేసినదేమి? 1778 మొదలు ఎదో, ఒసాకా, నాగసాకి నగరములలో తిరుగుచున్న దిక్కులేనివారిని పట్టి సాదోకు పంపసాగెను. వారిని ముషుకునిన్ అనిరి. ఊరి పట్టికలో పేరు లేనివాడని ఆ మాటకు అర్థము. కరవునకు ఊరు విడిచినవాడు, తండ్రి వెడలగొట్టినవాడు, ఏ కారణముచేతనో పట్టికలో పేరు కొట్టివేయబడినవాడు, వీరందరు ముషుకునిన్‌లే. నేరము చేసియే ఉండవలెనని లేదు. చేయునేమో యను అనుమానము చాలును. ఇట్లు పంపబడినవారు ఆ పాలన ముగియునప్పటికి 1,800 మందికి పైగా నుండిరి. వారిచేత నీరు తోడించిరి. దీపపు పొగ, రాతిపొడి, తేమ వారి ఊపిరిని త్వరగానే తీసికొనెను. వారిలో కొందరి సమాధులు గని దారిలోనే కలవు.

కావున గీత ఎక్కడ గీచినను బలవంతము గీతకు ఇరువైపుల నున్నది. ఎదో కాలపు పాలకుడు తన దేశపు దిక్కులేనివానిని పంపెను. యుద్ధకాలపు పాలకుడు తాను గెలిచిన దేశపు దిక్కులేనివానిని తెచ్చెను. ఇది కొరియా జపానుల మానాభిమానముల తగవుగా మాత్రమే చూచినంతకాలము ఈ పోలిక మరుగున పడును. కొరియాలో ఈ వాదము చేయువారును ముషుకునిన్‌లను తలచుట నేనంతగా చూడలేదు. జపానులో ముషుకునిన్‌ల గూర్చి కథలు వ్రాసి కంటతడి పెట్టినవారు కలరు. కాని ఎదో కాలపు వానికి రాల్చిన కన్నీటిలో సగమైనను 1940 నాటి వానికి రాల్చుటకు ప్రభుత్వమునకు మనసొప్పదు. రెండు వందల ఏండ్ల వెనుకటి దుఃఖము ఎవరికిని లెక్క చెప్పనక్కరలేని దుఃఖము. ఎనుబది ఏండ్లనాటి దానికి వారసులుందురు, కాగితములుందురు, కంపెనీలుందురు.

నేడు అక్కడికి పోయిన యాత్రికుడు చూచునదేమన, సోదాయు అను ఎదో కాలపు సొరంగములో మనుష్యుల ప్రమాణమున బొమ్మలను నిలిపిరి. అవి యంత్రముతో కదలును, ఉలితో రాయి కొట్టును, నీరు తోడును, మాటలాడును. త్వరగా బయటపడి సారా త్రాగవలెనని, ప్రియురాలిని చూడవలెనని ఒక బొమ్మ వాపోవును. పిల్లలు నవ్వుదురు. ఇంకొకచోట గాజు పెట్టెలో 12.5 కిలోల బంగారు కడ్డీ నుంచి, చిన్న రంధ్రము గుండ ఒంటిచేతితో దానిని బయటికి తీయగలవేమో ప్రయత్నింపుమందురు. నిజముగా ఇది మంచి ఆలోచన. బంగారమెంత బరువో పుస్తకము చెప్పజాలదు, మణికట్టు చెప్పును. బొమ్మలును నాకు ఇష్టమే. తోలుబొమ్మలు చూచి పెరిగినవాడను గనుక, బొమ్మ చెప్పిన మాట మనిషి చెప్పినదానికంటె లోతుగా దిగునని నమ్మినవాడను. నా అభ్యంతరమొక్కటే. మాటలాడు బొమ్మలు గనిలో నున్నవి. మాటలాడని పలకలు కొంత దూరమున వేరొక భవనములో నున్నవి. ఏది యాత్రికుని మనసులో ఇంటికి వచ్చునో చెప్పనక్కరలేదు. కొరియా కూలీకి ఒక బొమ్మ లేదు. ఉన్నచో అది ఏ భాషలో వాపోవును? ఏమని వాపోవును? ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకు భయపడియే వానిని పలకమీదనే నిలిపిరని నా అనుమానము.

దర్శనీయ స్థలముగా చేయుటయే తప్పని వాదించువారు కలరు. వారితో నేను ఏకీభవింపను. సాదోలో 1950 ప్రాంతమున లక్షా ఇరువది వేలకు పైగా జనముండగా నేడు ఏబది వేలకు లోపే. గని పోయెను, యువకులు పట్నములకు పోయిరి. పడవ దిగు యాత్రికుడు టీ త్రాగిన, ఒక రాత్రి బసచేసిన, అక్కడివారికి పొట్ట గడచును. సత్యము చెప్పిన యాత్రికులు రారను భయమునకు ఆధారము లేదు. చెరసాలలను, యుద్ధభూములను చూడబోవు జనము ప్రపంచమున తక్కువా? అండమానులోని సెల్యులర్ జైలు చూడబోవువారిని ఆ గోడల దుఃఖము ఆపుచున్నదా? దుఃఖము మనిషిని తరిమివేయదు. తరిమివేయునది విసుగు.

మనకేల ఈ గొడవ యని చదువరి యడుగవచ్చును. మాకు కోహినూరును తిరిగి ఇచ్చివేయుడని ఇంగ్లండును మనము ఎన్నిసార్లు అడిగితిమి! ఆ వజ్రము కృష్ణాతీరమున కొల్లూరు గనిలో దొరకెనని ప్రసిద్ధి. సాదోలో వెండి పొంగిపొరలుచున్న ఆ శతాబ్దిలోనే టవెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు కొల్లూరికి వచ్చి, స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి అరువది వేలమంది అక్కడ పనిచేయుచుండిరని వ్రాసెను. ఆ చోటును దేశభాషలో ‘గని’ యందురని కూడ వ్రాసెను. మన మాటను ఆ పరదేశి చెవియొగ్గి విని తన పుస్తకములో నిలిపెను. మనవారిలో ఏ కవియు ఆ అరువది వేలలో ఒక్కని పేరును పద్యమున నిలుపలేదు. కొల్లూరు నేడు పులిచింతల జలాశయము క్రింద మునిగినది. రైతుకు నీరు కావలెను; దానికి నేను వగవను. కాని వజ్రము కొరకు ఏడ్చిన మన కన్నులు గని కొరకు చెమ్మగిల్లలేదన్నది నిజము.

కోలారు మరింత దగ్గరిది. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ప్రవేశించిన నాటినుండి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు నూటయిరువది ఏండ్లు అక్కడ పని సాగినది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగెను. పనివారిలో తమిళులు అధికులు. చిత్తూరు సీమనుండి పోయిన మన తెలుగువారును ఉండిరి. రాళ్లు పగిలిపడి చచ్చినవారు, ఊపిరితిత్తులలో రాతిపొడి పేరుకొని మెల్లగా చచ్చినవారు లెక్కకు మిక్కిలి. శాస్త్రజ్ఞులు 1965లో ఆ లోతులలోనే ఆకాశమునుండి వచ్చు న్యూట్రినో కణముల జాడను పట్టిరి. ఇన్ని జరిగిన ఆ ఊరు నేటి యువకులకు ఒక చలనచిత్రము పేరుగానే తెలియును. గనుల ప్రక్కన పేరుకొన్న సయనైడు మట్టి దిబ్బలు గాలికి లేచి ఇండ్లమీద పడుచుండగా, ఆ దిబ్బల రంగు తెరకు అందముగా నుండెనని మెచ్చుకొనుట విన్నాను.

ఏదో ఒకనాడు కోలారును దర్శనీయ స్థలముగా చేయుదురు. చేయవలెను కూడ. అప్పుడు ఏ కాలము వరకు చూపవలెనను గీతను గీయువారు వత్తురు. దొరల బంగళాలు, ఆటస్థలములు, శివసముద్రమునుండి 1902లోనే వచ్చిన విద్యుత్తు, ఇవన్నియు చూపుటకు సులువైనవి. కూలీల వరుస ఇండ్లు చూపుటకు సులువైనవి కావు. వానిలో ఇంకను మనుష్యులున్నారు. గని దిగిన ముదుసలులలో కొందరింకను బ్రదికియున్నారు. సాదోలో ముషుకునిన్‌ను అడుగుటకు ఎవరును మిగులలేదు. కొరియానుండి పోయినవారిలో మిగిలినవారు లేరనియే చెప్పవచ్చును. కోలారులో ఇంకను అడుగవచ్చును. మన విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు జానపద గేయములు సేకరించుటకు ఎక్కడెక్కడికో పోవును. గనిలో పనిచేసిన తెలుగువాని నోట ఏ మాటలు, ఏ పాటలు మిగిలియున్నవో వ్రాసికొని వచ్చుటకు కుప్పమునుండి దూరమెంత?

కొన్నేండ్ల క్రిందట కుప్పము ప్రాంతపు విద్యార్థి యొకడు నా తరగతిలో నుండెను. వాని తాత కోలారు గనిలో దిగినవాడు. ఇంటిలో ఆ తాతవి ఫొటోలు లేవు, ఉత్తరములు లేవు. ఒక ఇత్తడి బిళ్ల మాత్రము మిగిలినదని చెప్పి, ఒకనాడు దానిని తెచ్చి నా బల్లమీద పెట్టెను. గనిలోనికి దిగునపుడు ఇచ్చి, పైకి వచ్చునపుడు పుచ్చుకొను బిళ్ల యది యట. దానిపై పేరు లేదు, అంకె యున్నది. ఆ అంకెకు ఎదురుగా పేరు వ్రాసిన పుస్తకము ఒకటి ఉండియుండవలెను. కోలారులో టిక్కెట్టు గది కట్టుటకు ముందు ఆ పుస్తకము ఎక్కడనున్నదో వెదకవలెను.